ఎద్దు మందు

మా తమ్ముడి పెళ్లాం పత్తి చేన్లో ఒక్కతే కూర్చుని నవ్వుతోందని నర్మదక్క బోరింగు దగ్గర నలుగురిలో అన్నదట. నవ్వితే నవ్వింది, కళ్లు కూడా ఎర్రగా ఉన్నాయట. సాలు మధ్యలో కాళ్లు చాపుకుని, పగిలిన పత్తికాయను అరచేతిలో పెట్టుకుని దానితో ముచ్చట పెడుతోందట. కడుపుతో ఉన్న పిల్ల, ఏదో గాలి సోకి ఉంటుంది, వాళ్లు చర్చికి పోయేవాళ్లు, తాయెత్తు కట్టించరు, ఇక ఆ పిల్ల గతి ఏమో అని కూడా అన్నదట. ఈ మాటలన్నీ నాకు మోసుకొచ్చింది మా అంగన్‌వాడీ ఆయా మమతారాణి. గుడ్ల గిన్నె పొయ్యి మీద పెడుతూ, నా మొహం చూడకుండా చెప్పింది.

మా ఊరికి అంగన్‌వాడీ టీచర్‌ని నేనే. పేరు హెప్సిబా. పుట్టిల్లూ అత్తిల్లూ ఒక్క ఊరే, మధ్యలో రెండు గల్లీలు. భైంసా నుంచి పదకొండు కిలోమీటర్లు. నల్లరేగడి నేల, కనుచూపు మేర పత్తి, నడుమ నడుమ కంది సాళ్లు. మా బాపు మైసయ్యకు నాలుగెకరాలు, ఒక జత ఎడ్లు. తమ్ముడు బెన్నీ ట్రాలీ ఆటోలో ఊరి పత్తిని జిన్నింగు మిల్లుకు తోలుతాడు. దీపిక వాడి భార్య. ఇరవై రెండేళ్లు. మంథని దగ్గరి పిల్ల. వాళ్ల దిక్కంతా వరి. పత్తి ఏరడం మా ఇంటికి వచ్చాకే నేర్చుకుంది.

దసరా వెళ్లి పది రోజులైంది. మొదటి ఏరుడు నడుస్తోంది. మధ్యాహ్నం పిల్లలు పడుకున్నాక సెంటర్‌ను మమతారాణికి అప్పజెప్పి చేనుకు పోయాను.

నర్మదక్క అబద్ధం చెప్పలేదు. మిగతా కూలీలు నాలుగు సాళ్ల ముందుకు పోయారు. దీపిక వెనక కూర్చుని ఉంది. నడుముకు కట్టిన ఒడి నిండా పత్తి. నన్ను చూసి నవ్వింది.

"ఏమాయె దీపికా?"

"ఏం గాలే వదినె. గీ పత్తి జూడు, ముసలోళ్ల నెత్తి లెక్క ఉన్నది. తెంపబోతుంటె ఒక్కొక్కడు తల తిప్పుకుంటుండు."

"పొద్దుగాల ఏం తిన్నవ్?"

"మూడు రొట్టెలు." కొంచెం సిగ్గుపడింది. "మల్ల ఇంకో రెండు. అత్తమ్మ మందు తిన్నంక మస్తు ఆకలైతది."

పక్కన కూర్చుని ఆమె నోటి దగ్గరికి వంగాను. బెల్లం వాసన వచ్చింది. దాని కింద ఇంకొక వాసన. అది నాకు కొత్త కాదు. చిన్నప్పటి నుంచీ మా కొట్టంలో వచ్చే వాసనే.

ఎద్దు మేత మానేస్తే మా ఇళ్లలో చేసే పని ఒకటుంది. ఎండిన గంజాయి ఆకు నలిపి, బెల్లంలో కలిపి, నిమ్మకాయంత ముద్ద చేస్తారు. ఎద్దు నాలుకను పక్కకు లాగి ఆ ముద్దను గొంతులోకి తోస్తారు. పూట గడవక ముందే గడ్డి అందుకుంటుంది. అందుకోసమే బాపు కంది సాళ్లలో నాలుగు మొక్కలు ఉంచేవాడు. అమ్మింది లేదు, చిలుం పట్టింది లేదు. ఊళ్లో ఎవరి ఎద్దు డీలా పడినా పశువుల డాక్టర్ కన్నా ముందు నన్ను కన్న అవ్వ సత్తవ్వ దగ్గరికే వచ్చేవాళ్లు. ఆమె ఎద్దు కంటి రెప్ప ఎత్తి చూసి, ముద్ద ఎంత చేయాలో చెప్పేది.

దీపికకు రెండో నెల దాటగానే వాంతులు పట్టుకున్నాయి. అందరికీ అయ్యేలాంటివి కావు. నీళ్లు తాగినా కక్కేది. అన్నం ఉడికే వాసనకు ఇల్లు వదిలి గల్లీలోకి పోయేది. నలభై ఏడు కిలోల పిల్ల నలభై ఒకటికి దిగింది. భైంసాలో రెండుసార్లు సెలైన్ ఎక్కించారు, మాత్రలిచ్చారు. మాత్రలు కూడా కక్కింది. పొలాల అమావాస్య రోజు మేం ఎడ్లకు పూజ చేయం గానీ కడిగి కొమ్ములకు రంగు మాత్రం వేస్తాం. ఆ రోజు రంగు డబ్బా అందించబోయి అరుగు మీద నుంచి కూలబడింది. బెన్నీ ఎత్తుకుని లోపల పడుకోబెట్టాడు. అవ్వ గుమ్మంలో నిలబడి చాలాసేపు ఆమెనే చూసింది.

ఆ వారంలోనే వాంతులు ఆగాయి. నెలాఖరుకు నా తూకం మీద నలభై మూడు. దసరాకు నలభై ఆరు. తల్లుల మీటింగులో నేను దీపికను లేపి నిలబెట్టి చప్పట్లు కొట్టించాను. పాలూ గుడ్డూ మానకుండా తింటే ఇట్లా ఉంటుందని చెప్పాను. రిజిస్టర్‌లో ఆమె పేరు పక్కన పెద్ద టిక్కు పెట్టాను.

చేను నుంచి నేరుగా పుట్టింటికి పోయాను. అవ్వ కొట్టంలో పేడ తీస్తోంది. ఆమె ఏదీ దాచలేదు.

"పెట్టిన" అన్నది.

"అవ్వా, అది ఎద్దుల మందు."

"ఎద్దు తిన్నది. పొల్ల తిన్నది. నీ గుడ్డు పెడితె కక్కింది. డాక్టర్ మాత్ర ఏస్తె కక్కింది. నేను ఎద్దుకు పెట్టిన దాంట్ల పావు వంతు గూడ పెట్టలే. ఉసిరికాయంత. పొద్దుకొకటి."

"కడుపుల పిల్ల ఉన్నది గదనే."

"తల్లి తినకపోతె కడుపుల పిల్ల ఏం తింటది? నువ్వు సదువుకున్నవ్ గద, చెప్పు."

నేను చదువుకున్నాను. నిర్మల్‌లో డిగ్రీ. ఇంటికి పోయి ఫోన్‌లో వెతికాను. ఆ మత్తు మావి దాటి బిడ్డ రక్తంలోకి పోతుందట. బిడ్డ బరువు తక్కువగా పుట్టవచ్చట. నెలలు నిండక ముందే రావచ్చట. పెద్దయ్యాక నిలకడలో, చదువులో తేడా కనబడవచ్చట. అన్నీ అనుమానంగా చెప్పిన మాటలే. ఆ అనుమానపు మాటలు పట్టుకుని, రెండు రొట్టెలు ఎక్కువ తింటున్న పిల్లను చూపించే మా అవ్వతో వాదానికి దిగాలి. అయినా మర్నాడు పోయి ఆపమన్నాను. అవ్వ గొణుక్కుంటూ ఆపింది.

మొదటి రోజు బాగానే గడిచింది. రెండో రోజు దీపిక అన్నం ముందు కూర్చుని లేచిపోయింది. చెమటలు పట్టాయి, కన్ను మూతపడలేదు. మూడో రోజు పచ్చటి పసరు కక్కింది. దవాఖానకు పోదామన్నాను. సూది పోట్లు ఇక నావల్ల కాదని గోడకు తిరిగి పడుకుంది. బెన్నీ పత్తి లోడుతో భైంసాలో ఉన్నాడు. వాడికి ఈ ముద్దల సంగతే తెలియదు. పెళ్లాం తింటోంది, అవ్వ బాగా చూసుకుంటోంది, వాడికి తెలిసింది అంతవరకే.

నాలుగో రోజు పొద్దున పాల ప్యాకెట్ ఇవ్వడానికి పోయాను. అవ్వ లోపలి గడపలో నిలబడి ఉంది. అరచేతిలో ముద్ద. నన్ను చూసి ఆగింది. నువ్వు వద్దంటే పారేస్తాను అన్నట్టుగానే ఆగింది. నేను పాల ప్యాకెట్‌ను గూట్లో పెట్టాను. పిల్లలు వచ్చే టైమైందని చెప్పి సెంటర్‌కు పోయాను.

ఆ రోజు జరిగింది అంతే. నెలాఖరుకు తూకం వేస్తే నలభై ఏడు. రాసుకున్నాను.

రెండో ఏరుడు మొదలయ్యేసరికి డిసెంబర్ వచ్చింది. పక్క ఊళ్లో ఎక్సైజు వాళ్ల జీపు తిరిగింది. కంది చేన్లో మొక్కలు దొరికాయని ఒక రైతును తీసుకుపోయారు. ఆ సాయంత్రమే బాపు మా నాలుగు మొక్కలనూ పీకి, పత్తి కట్టె కింద వేసి తగలబెట్టాడు. ఎండబెట్టిన ఆకు మాత్రం అవ్వ దగ్గర స్టీలు డబ్బాలో ఉండిపోయింది. ఆమె చెప్పలేదు, బాపు అడగలేదు.

అదే వారం దీపికను భైంసాలో స్కానింగుకు తీసుకుపోయాం. నేనూ, అవ్వా. లేడీ డాక్టర్ కాగితం రెండుసార్లు చూసింది. నెలలకు తగ్గట్టుగా బిడ్డ ఎదగలేదని చెప్పింది. తల్లి బరువు పెరుగుతోంది, బిడ్డ పెరగడం లేదు. పొగాకు గానీ, గుట్కా గానీ, ఇంకేదైనా మత్తు గానీ అలవాటుందా అని అడిగింది. గొంతులో అనుమానమేమీ లేదు. వచ్చిన అందరినీ అడిగే ప్రశ్నే అది.

దీపిక నా వైపు చూసింది. అవ్వ కిందికి చూసింది.

"ఏం లేదు మేడం" అన్నాను నేను.

ఎందుకన్నానో నాకు తెలుసు. జీపు గుర్తొచ్చింది. బాపు గుర్తొచ్చాడు. నా రిజిస్టర్, నా టిక్కు, నా ఉద్యోగం గుర్తొచ్చాయి. కడుపులో బిడ్డ అందరికన్నా చివర గుర్తొచ్చింది. అప్పటికే డాక్టర్ తర్వాతి పేరు పిలిచింది.

బస్సులో దీపిక కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. సగం చేయమని అవ్వతో చెప్పాను. ఆపమనలేదు. సగం చేయమన్నాను, కూరలో కారం గురించి చెప్పినట్టు. అవ్వ తలూపింది.

సంక్రాంతికి ఇంకా ఐదు రోజులున్నాయి. చివరి ఏరుడు. దీపికను చేనుకు పంపడం మానేసి నెలైంది. ఇంట్లో పత్తిలోంచి ఆకు ఏరుతూ కూర్చున్నది. ఉన్నట్టుండి కూర్చున్న చోటంతా తడిసింది. ఎనిమిదో నెల. 108 వచ్చేదాకా ఆగలేక బెన్నీ ట్రాలీలోనే పత్తి బోరాల మీద పడుకోబెట్టి బయలుదేరాడు. దారిలో అంబులెన్సు ఎదురొస్తే అందులోకి మార్చారు. జిల్లా ఆసుపత్రికి చేరిన గంటన్నరకు ఆడపిల్ల పుట్టింది. కిలో ఐదు వందల ఎనభై గ్రాములు.

పిల్లను గాజు పెట్టెలో పెట్టారు. ముక్కులో సన్నటి గొట్టం. ఏడుపు దారంలా వచ్చి తెగిపోయేది. ఏడవనప్పుడు కూడా చేతులు వణికేవి. గడ్డం వణికేది. చలి అనుకుని బెన్నీ ఆ పెట్టెలో వేడి చాలడం లేదని నర్సుతో అన్నాడు. వేడి సరిపోయిందని ఆమె అంకె చూపించింది. వాడు ఆ అంకెనే చూస్తూ నిలబడ్డాడు.

పిల్లల డాక్టర్ పేరు ఆమని. చిన్న వయసే. వణుకుడు ఎందుకో పరీక్షలు చేస్తున్నామని, రక్తంలో చక్కెర బాగానే ఉందని, ఇంకా చూడాలని చెప్పింది.

మూడో రోజు మధ్యాహ్నం అవ్వ ఊరి నుంచి టిఫిన్ డబ్బాతో వచ్చింది. దీపిక మూడు రోజులుగా తిండి ముట్టలేదు, నిద్ర పోలేదు. పొద్దున్నే నర్సు వచ్చి పాలు చిన్న గ్లాసులోకి పిండడం నేర్పిపోయింది. ఆ పాలే గొట్టం గుండా పిల్లకు పోస్తారు. మంచం పక్కన గ్లాసు కడిగి బోర్లించి ఉంది. అవ్వ డబ్బా పై గిన్నె తీసింది. కింద గిన్నెలో అన్నం, దాని మూలన ఉసిరికాయంత ముద్ద.

"పొల్ల కన్ను మూస్తలేదట. జరంత పడుకుంటది" అన్నది నాతో. దీపిక చెయ్యి చాపింది.

నేను ఆ గిన్నె తీసుకున్నాను. గుంజుకోలేదు, తీసుకున్నాను. వార్డు దాటి, వరండా దాటి గాజు పెట్టెల గది వైపు నడిచాను. వెనక నుంచి అవ్వ "హెప్సిబా" అన్నది. ఒక్కసారే. నా వెంట రాలేదు.

ఆమని మేడం గిన్నె అందుకుని వాసన చూసింది. కుర్చీ చూపించింది.

"ఎన్ని నెలల సంది?"

"నాలుగు దాటినయ్."

"మీరేం చేస్తరు?"

"అంగన్‌వాడీ టీచర్‌ని."

ఆమె గిన్నెను బల్ల అంచుకు జరిపింది. నన్నేదైనా అని ఉంటే బాగుండేది.

"పోలీసులకు చెప్తరా మేడం?"

"నేను పిల్లల డాక్టర్‌ని. నాకు పిల్ల సంగతి చాలు. స్కానింగ్ కాడ అడగలేదా?"

"అడిగిండ్రు."

"ఏం చెప్పిండ్రు?"

"ఏం లేదని."

ఆమె కాగితం మీద రాసింది. దీని వల్లనేనా ఇదంతా అని అడిగాను. ఇదొక్కటే అని చెప్పలేనన్నది. తల్లి మొదటి నెలల్లో తినలేదు, రక్తం తక్కువ, అవీ ఉన్నాయి. ఇది కాదని కూడా చెప్పలేనన్నది. వణుకు కొన్ని రోజుల్లో తగ్గవచ్చు. అసలు సంగతి పెంచుకుంటూ చూడాలి. మెడ ఎప్పుడు నిలుపుతుంది, చూపు ఎప్పుడు నిలుపుతుంది, మాట ఎప్పుడు వస్తుంది, బళ్లో వేశాక ఒకచోట కూర్చుంటుందా. అంత దూరం చూడాలి. అంతటి వాంతులకు కూడా మందులుంటాయని, ఒకటి పనిచేయకపోతే ఇంకొకటి ఇస్తారని, ఆసుపత్రిలో చేర్చుకుని చూస్తారని చెప్పింది. ఆ మాటలు వింటూ ఆమె బల్ల మీది పెన్నుల డబ్బా చూశాను. మూడు నీలం, ఒకటి ఎరుపు.

చివరికి ఆమె ముందుకు వంగి చెప్పింది. "ఇగ ఆమె దీన్ని ముట్టద్దు. పాలల్లకు గూడ పోతది. ముట్టకుంటె పాలియ్యొచ్చు. ఈ పిల్లకు ఇప్పుడు ఆ పాలే కావాలె."

తిరిగొచ్చేసరికి బెన్నీ మంచం దగ్గరున్నాడు. ముద్దల సంగతీ, డాక్టర్ అన్నదీ ముగ్గురికీ చెప్పాను. బెన్నీ అవ్వ వైపు చూశాడు, తర్వాత నా వైపు.  ట్రాలీ రోడ్డుకు అడ్డంగా ఉందని వెళ్లిపోయాడు. అవ్వ డబ్బా గిన్నెలు ఒకదాని మీద ఒకటి పెట్టి మూత బిగించింది. ఒక గిన్నె తక్కువ కావడంతో మూత బిగుసుకోలేదు. అట్లాగే సంచిలో పెట్టుకుంది.

దీపిక నన్నే చూస్తోంది.

"నీకు ఎప్పటి సంది ఎరుక వదినె?"

"చేన్లకు వచ్చిన దినం సంది."

"కడుపుల పిల్లకు మంచిది గాదని గూడ?"

"ఆ రాత్రే చదివిన."

ఆమె తిడుతుందేమో అనుకున్నాను. బోర్లించిన గ్లాసు తీసుకుని, గోడ వైపు తిరిగి, పాలు పిండడం మొదలుపెట్టింది. వాంతులు మళ్లీ రాలేదు. నిద్ర మాత్రం వారం దాకా రాలేదు.

ఇరవై నాలుగు రోజుల తర్వాత పిల్లను ఇంటికి తెచ్చాం. రెండు కిలోలు దాటింది. వణుకు తగ్గింది. గిన్నె కింద పడితే మాత్రం ఒళ్లంతా ఎగిరిపడేది, మళ్లీ సర్దుకోవడానికి చాలాసేపు పట్టేది. ప్రతి నెలా చూపించాలని కార్డు ఇచ్చారు. ఊళ్లో అడిగినవాళ్లకు తల్లికి బలం లేక ముందే పుట్టిందని చెప్పాం. పాస్టర్ ప్రార్థన చేసి పోయాడు. నర్మదక్క కూడా వచ్చి చూసి, దిష్టి తీయరా అని అడిగి, మేం తీయమని గుర్తొచ్చి ఊరుకుంది.

ఇంట్లో కొత్తగా కొన్ని పద్ధతులు వచ్చాయి. దీపిక తన గిన్నె తనే కడుక్కుని, అన్నం తనే వడ్డించుకునేది. అవ్వ చేతికి పిల్లను ఇవ్వనని ఎప్పుడూ అనలేదు. ఇవ్వలేదు. అవ్వ అడగలేదు. బెన్నీ అవ్వకు ఏదైనా చెప్పాలంటే బాపుతో చెప్పేవాడు. బాపు అవ్వ పక్కనే కూర్చుని ఉన్నా, మళ్లీ ఆ మాటే అవ్వకు చెప్పేవాడు.

ఫిబ్రవరి నెల. పత్తి అయిపోయింది, అందరూ కట్టె పీకుతున్నారు. నేను గురువారం గురువారం పిల్లను తూకం వేయడానికి పోయేదాన్ని. ఆ గురువారం వాకిట్లో తూకం పెట్టాను. దీపిక పిల్లను తెచ్చి గుడ్డతో సహా పడుకోబెట్టింది. రెండు కిలోల నాలుగు వందలు. బెన్నీ ట్రాలీ తాళ్లు విప్పుతూ ఆ అంకె కోసం తలెత్తాడు. బాపు కట్టె మోపుల దగ్గర. అవ్వ కొంచెం దూరంగా, అరుగు అంచున కూర్చుని పిల్లను చూస్తోంది.

అప్పుడు కొండల్ వచ్చాడు. నర్మదక్క మొగుడు. గేటు దగ్గర చెప్పులు విడిచి లోపలికి వచ్చి, పిల్ల మంచిగున్నదా అని అడిగి, అవ్వ ముందు నిలబడ్డాడు. వాళ్ల ఆవు రెండు రోజులుగా మేత ముట్టడం లేదట. డాక్టర్ రేపు గానీ రాడట.

"నీ తాన గా ముద్ద ఉంటె జరంత ఇయ్యి పెద్దమ్మా" అన్నాడు.

బెన్నీ చేతిలో తాడు ఆగింది. అవ్వ కళ్లు ఇంకా తూకం మీదే ఉన్నాయి. పశువు సంగతి అడిగితే ఆమెకు ఆలోచించే పని లేదు, ముప్పై ఏళ్లుగా జవాబు నోట్లోనే ఉంటుంది.

"ఎన్నో నెల చూడి?" అన్నది.

"ఐదు నిండినయ్."

"చూడి దానికి అది పెట్టద్దు రా. కడుపుల దూడ ఎదుగది."